ఉప్పెన ముంగిట ఇరుగుపొరుగు

1864 అక్టోబరు 5న కలకత్తా మీద పెనుతుఫాను పడింది. హుగ్లీ నదిలో లంగరు వేసుకున్న ఓడలు గొలుసులు తెంచుకుని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కొన్ని గట్టెక్కి పడిపోయాయి. దాదాపు 50 వేల మంది చనిపోయారు. నెల తిరగక ముందే బందరు వంతు వచ్చింది. నవంబరు 1 రాత్రి 13 అడుగుల ఎత్తున లేచిన సముద్రం ఊరి మీదుగా పోయింది. బందరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 30 వేల మంది కొట్టుకుపోయారని అప్పటి లెక్కలు. డచ్చివాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పోటీలు పడి వ్యాపారం చేసిన రేవు అది. ఆ రాత్రి తర్వాత మళ్ళీ పూర్వపు వెలుగు చూడలేదు. మరుసటి ఏడాది అక్కడి దండు కూడా తరలిపోయింది.

రెండు పట్నాల మధ్య దూరం వెయ్యి కిలోమీటర్లు. రెంటినీ ముంచింది ఒకటే సముద్రం. కలకత్తా పడిన బాధ బందరుకు ఏ విధంగానూ ముందుజాగ్రత్త కాలేదు. బంగాళాఖాతం చుట్టూ బతికే జనం ఒకరి కష్టం చూసి ఇంకొకరు సర్దుకోవడానికి ఆ తర్వాత నూరేళ్ళకు పైగా పట్టింది. అందుకు మధ్యలో ఎన్ని లక్షల ప్రాణాలు ఖర్చయ్యాయో, చివరికి ఆ నేర్పు ఎలా అబ్బిందో చెప్పే చరిత్ర ఇది.

లోతులేని సముద్రం, పల్లపు నేల

ప్రపంచంలో ఏటా పుట్టే తుఫానుల్లో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల వాటా నూటికి ఐదారుకు మించదు. కానీ చరిత్రలో అతి ఘోరమైన తుఫాను మరణాల జాబితా తీస్తే అందులో ఎక్కువ భాగం బంగాళాఖాతానివే. కారణం గాలి ఒక్కటే కాదు. ఉత్తరానికి పోయేకొద్దీ ఈ సముద్రం గరాటులా ఇరుకైపోతుంది. తీరం దగ్గర లోతు తక్కువ. తుఫాను తోసుకొచ్చే నీటికి పక్కకు పోయే చోటూ ఉండదు, కిందికి దిగే లోతూ ఉండదు. అది పైకి లేచి నేల మీదికి వస్తుంది. ఎదురుగా ఉన్నవేమో గంగా బ్రహ్మపుత్రల, మహానది, గోదావరి, కృష్ణ, ఐరావతి డెల్టాలు. సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తు కూడా లేని పంటభూములు. వరి బాగా పండుతుంది కాబట్టి జనం ఒత్తుగా ఉంటారు. ఉప్పెన వచ్చేదీ అక్కడికే.

గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఈ సంగతి బందరు కంటే ముందే చవిచూసింది. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ రేవును ముంచాయి. 20 వేల మంది పోయారని ఆనాటి కథనాలు చెబుతాయి. 1839 నవంబరులో మరో తుఫాను మిగిలినదాన్ని కూడా తుడిచిపెట్టింది. నదీముఖం మేట వేసుకుపోవడమూ తోడై వ్యాపారం కాకినాడకు మళ్ళింది. బతుకుతెరువు కోసం బంగాళాఖాతం దాటి రంగూను వెళ్ళిన తెలుగు కూలీలను బర్మా వాళ్ళు ఆ రేవు పేరుతోనే కోరంగీలని పిలిచారు. ఈ సముద్రపు రెండు ఒడ్డుల మధ్య మనుషుల రాకపోకలు అంత పాతవి. తుఫాను కబురు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయేది కాదు.

కోరంగి ఉప్పెన వివరాలను సేకరించి రాసి పెట్టినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన ఇంగ్లీషువాడు. నావికుల దినచర్య పుస్తకాలు తిరగేసి ఈ సముద్రపు గాలివానలు సుడి తిరుగుతాయని వివరించాడు. 1848లో అచ్చయిన తన పుస్తకంలో వాటికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. 1853లో మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెడితే ఆయన గవర్నర్ జనరల్‌కు బహిరంగ లేఖ రాశాడు. మడ అడవులు నరికి అక్కడ పట్నం కడితే ఏదో ఒకనాడు ఉప్పెన వచ్చి ముంచుతుందని హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. పోర్ట్ క్యానింగ్ వెలిసింది. 1867 నవంబరులో తుఫాను వచ్చి దాన్ని ముంచింది. కొన్నేళ్ళకే ఆ రేవును వదిలేశారు. అప్పటికి పిడింగ్టన్ చనిపోయి తొమ్మిదేళ్ళయింది.

ఓడల కోసం పుట్టిన హెచ్చరిక

1864లో జరిగిన రెండు ఘోరాల తర్వాత ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. తంతితీగల మీద రేవు నుంచి రేవుకు కబుర్లు నడవసాగాయి. రంగూను, అక్యాబు, చిట్టగాంగు, కాకినాడ, బందరు, మద్రాసు అన్నీ ఒకే పాలన కింద ఉండేవి గనుక సమాచారానికి సరిహద్దుల అడ్డు లేదు. రేవుల్లో స్తంభాల మీద పగలు బుట్టలూ శంకువులూ, రాత్రి దీపాలూ కట్టి సంకేతం ఇచ్చేవారు. ఈనాటికీ మన రేడియోలోనూ టీవీలోనూ వినిపించే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద సూచికలు ఆ కాలపు వారసత్వమే. బంగ్లాదేశ్ రేవుల్లోనూ పదకొండు అంకెల వరస ఒకటి ఉంది. దాని మూలం కూడా అదే.

ఆ ఏర్పాటులో పెద్ద లోటు ఒకటి ఉంది. అది ఓడల కోసం, సరుకు కోసం పుట్టింది. పదో నంబరు ఎగరేస్తే కెప్టెన్‌కు ఏం చేయాలో తెలుసు. లంకలో పూరిగుడిసె వేసుకున్న రైతుకూలీకి ఆ అంకెతో పనేమిటి? వాతావరణ శాఖ పుట్టిన మరుసటి ఏడాదే, 1876 అక్టోబరు 31 రాత్రి, మేఘన నదీముఖంలోని బాకర్‌గంజ్ మీద ఉప్పెన పడింది. మునిగి పోయినవాళ్ళు దాదాపు లక్ష మంది అయితే, తర్వాత కలరా, ఆకలితో పోయినవాళ్ళు ఇంకో లక్ష. వాళ్ళలో ఎవరికీ రేవు స్తంభం మీది సంకేతం కనిపించే వీలు లేదు.

1937లో బర్మా విడిపోయింది. 1947లో దేశవిభజన జరిగింది. ఒకప్పుడు ఒకే శాఖ చూసిన సముద్రాన్ని ఇప్పుడు నాలుగైదు దేశాలు వేరువేరుగా చూడసాగాయి. సముద్రానికి ఉత్తరాన తూర్పు పాకిస్తాన్, పశ్చిమాన భారత్ ఉన్నాయి. రెండింటి మధ్య వైరం. ఒకరి పరిశీలన కేంద్రంలో నమోదైన గాలి వేగం ఇంకొకరికి తేలిగ్గా అందే రోజులు కావవి.

భోలా చెప్పిన చేదు నిజం

1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ద్వీపం మీదా చుట్టూ ఉన్న లంకభూముల మీదా తుఫాను తీరం దాటింది. 3 లక్షల నుంచి 5 లక్షల మంది చనిపోయారు. తెలిసిన చరిత్రలో ఏ తుఫానూ ఇంతమందిని బలి తీసుకోలేదు. బాధితులను ఆదుకోవడంలో పశ్చిమ పాకిస్తాన్ పాలకులు చూపిన అలక్ష్యం మరుసటి నెల ఎన్నికల్లో ప్రతిఫలించింది. ఏడాది తిరిగేసరికి బంగ్లాదేశ్ ఏర్పడింది.

తర్వాత నీల్ ఫ్రాంక్, ఎస్.ఎ. హుస్సేన్ అనే ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ ఉత్పాతాన్ని పరిశీలించి రాసిన వ్యాసంలో ఒక లెక్క ఉంది. ఆ ప్రాంతంలో తుఫాను వస్తోందని నూటికి 90 మందికి తెలుసు. గట్టి కట్టడంలోకి వెళ్ళి తలదాచుకున్నది మాత్రం నూటికి ఒక్కరు. అంటే కబురు చేరింది. కానీ ఆ కబురు విన్నవాడికి ఎంత నీరు వస్తుందో ఎవరూ చెప్పలేదు. వెళ్ళడానికి చోటు లేదు. చోటు ఉన్నా గొడ్డూ గోదా వదిలి వెళ్ళడానికి మనసు రాదు. తుఫాను నుంచి మనిషిని కాపాడేది హెచ్చరిక ఒక్కటే కాదని, దాని వెనక నమ్మదగిన మనిషి, నడిచి చేరగలిగిన మేడ, పశువులకు మిట్ట ఉండాలని బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు నేర్చుకున్నది ఇక్కడే. ఆ తర్వాతి అర్ధశతాబ్దపు కథంతా ఈ మూడింటినీ సమకూర్చుకోవడమే.

భోలా తర్వాత రెండేళ్ళలో రెండు పనులు మొదలయ్యాయి. 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా ఆర్థిక సంఘం కలిసి ఉష్ణమండల తుఫానుల ప్యానెల్‌ను నెలకొల్పాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, బర్మా, శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నాయి. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. అయినా గాలి, పీడనం, అల ఎత్తు లెక్కలు ఒకరికొకరు పంపుకోవడానికి ఒప్పుకున్నారు. తర్వాత ఒమన్, యెమెన్, ఇరాన్, ఖతార్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ. వరకూ అది పెరిగి 13 దేశాల కూటమి అయింది. 1988లో ఢిల్లీలోని వాతావరణ కేంద్రానికి ఈ మొత్తం ప్రాంతానికి తుఫాను సూచనలిచ్చే బాధ్యత వచ్చింది. ఢిల్లీ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు ఉప్పెన ఎత్తును ముందే లెక్కగట్టే గణిత నమూనా తయారుచేస్తే, దాన్ని ప్యానెల్ దేశాల వాతావరణ శాఖలకూ నేర్పించి ఇచ్చారు.

రెండో పని ఢాకాలో జరిగింది. రెడ్‌క్రాస్‌తో కలిసి బంగ్లాదేశ్ ప్రభుత్వం తుఫాను సన్నద్ధత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తీరగ్రామాల్లో యువకులను స్వచ్ఛంద సేవకులుగా ఎంచి, చేతికి మెగాఫోను, సైరను, రేడియో, జెండాలు ఇచ్చారు. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక జెండా, రెండు జెండాలు, మూడు జెండాలు. పదో నంబరు అంటే ఏమిటో ఇంటింటికీ పోయి ఆ ఊరి యాసలో చెప్పేది ఆ ఊరి కుర్రాడే. పశువుల కోసం ఎత్తైన మట్టిదిబ్బలు పోశారు. షేక్ ముజిబుర్ రెహమాన్ కాలంలో వచ్చినవి గనుక వాటికి ముజీబ్ కిల్లాలని పేరు. ఓడల కోసం పుట్టిన హెచ్చరిక మనుషుల గుమ్మం దాకా నడిచి వచ్చింది అప్పుడే.

దివిసీమ నుంచి ఒడిశా దాకా

ఆ ఏర్పాట్లు ఇంకా కృష్ణా డెల్టాకు చేరనే లేదు. 1977 నవంబరు 19 శనివారం. దివిసీమ, బాపట్ల తీరం మీద గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి, ఐదారు మీటర్ల ఉప్పెన. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లు దేశమంతటికీ తెలిసింది ఆ వారంలోనే. అధికారిక లెక్కలోనే పది వేల మంది దాకా మరణించారు. అంతకంటే ఎక్కువేనని అక్కడివాళ్ళు ఈనాటికీ అంటారు. తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడినవాళ్ళు బతికారు. పూరిళ్ళలో ఉన్నవాళ్ళు మిగల్లేదు. రేడియోలో తుఫాను సంగతి చెప్పారు, తంతులూ వెళ్ళాయి. సముద్రం ఇంట్లోకి వస్తుందని, ఫలానా మేడలోకి వెళ్ళండని చేయి పట్టి చెప్పిన ఏర్పాటు లేదు. ఏడేళ్ళ కిందట భోలాలో జరిగిందే ఇక్కడా జరిగింది.

ఆ శోకం నుంచి ఆంధ్ర తీరం కొత్త రూపు దిద్దుకుంది. అవనిగడ్డకు చెందిన మంత్రి మండలి వెంకటకృష్ణారావు పునరావాసాన్ని తన జీవితకార్యంగా చేసుకున్నారు. దేశవిదేశాల స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇళ్ళు, స్తంభాల మీద నిలిచే తుఫాను షెల్టర్లు కట్టాయి. మామూలు రోజుల్లో బడి నడుస్తుంది, గాలివాన రోజు ఊరంతా ఎక్కుతుంది. తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు. విశాఖలోని తుఫాను హెచ్చరిక కేంద్రానికి బందరులో రాడార్ తోడైంది. ఇన్‌శాట్ ఉపగ్రహం వచ్చాక తీరగ్రామాల్లో ప్రత్యేక రిసీవర్లు పెట్టారు. కరెంటు పోయినా, టెలిఫోను తీగ తెగినా, సైరను మోగి తెలుగులో హెచ్చరిక వినిపించేది.

వీటన్నిటికీ పరీక్ష 1990 మే 9న వచ్చింది. బలంలో 1977 నాటిదానికి తీసిపోని తుఫాను మళ్ళీ కృష్ణా డెల్టా మీదికే వచ్చింది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. రెవెన్యూ సిబ్బంది, పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు. రానన్నవాళ్ళను బతిమాలి, అవసరమైతే బలవంతంగా లారీలెక్కించారు. పశువులను కట్టేసి ఉంచకుండా పలుపులు విప్పి వదలమని చాటింపు వేశారు. అయినా 967 మంది చనిపోయారు. అది చిన్న సంఖ్య కాదు, ప్రతి పేరు వెనకా ఒక ఇల్లుంది. కానీ పదమూడేళ్ళ ముందు ఇదే నేల మీద పది వేల మంది పోయిన సంగతి గుర్తుంటే, మిగతా తొమ్మిది వేల మంది ఎలా బతికారో తెలుస్తుంది.

మరుసటి ఏడాది అలాంటి పరీక్షే బంగ్లాదేశ్‌కు వచ్చింది. 1991 ఏప్రిల్ 29న చిట్టగాంగు దగ్గర తుఫాను తీరం దాటింది. బంగ్లాదేశ్‌లో దాదాపు లక్షా 40 వేల మంది చనిపోయారు. సేవకులు ఉన్నారు, హెచ్చరికా అందింది. షెల్టర్లే చాలలేదు. తర్వాత బతికినవాళ్ళను కలిసి చేసిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, గట్టి ఇటుక కట్టడాన్ని చేరుకున్నవాళ్ళంతా బతికారు. చేరలేకపోయినవాళ్ళలో నూటికి 22 మంది పోయారు. చనిపోయినవారిలో పిల్లలు, నలభై దాటిన ఆడవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళతో కిక్కిరిసిన షెల్టర్లోకి రావడానికి ఆడవాళ్ళు జంకారు. ఇల్లు విడిచిరావడానికి మగవాడి మాట కోసం ఆగారు. బంగ్లాదేశ్ ఆ పాఠాన్ని మనసుకు తీసుకుంది. ఆడవాళ్ళకు వేరు గదులు, పశువులకు కింద చోటు ఉన్న షెల్టర్లు వేల సంఖ్యలో కట్టింది. క్రమంగా సేవకుల్లో సగం మందిని ఆడవాళ్ళనే తీసుకుంది. ఇప్పుడు ఆ దళంలో 76 వేల మంది ఉన్నారు.

1999 అక్టోబరు 29న ఒడిశా మీద సూపర్ సైక్లోన్ పడింది. ఎరసమ ప్రాంతం నీట మునిగింది. దాదాపు పది వేల మంది మరణించారు. పక్కరాష్ట్రం 1977లో నేర్చుకున్నది ఒడిశా కొత్తగా, అదే ధర చెల్లించి నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఏడాదే విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. కేంద్రపడా జిల్లాలో తర్వాత జరిగిన పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుంటే అక్కడ మరణాలు అంత తక్కువ. నూట యాభై ఏళ్ళ కిందట పిడింగ్టన్ మొత్తుకున్నది ఇదే.

హైదరాబాదు నుంచి అలకు కాపలా

ఈ తీరం మీదికి సముద్రాన్ని తెచ్చేది తుఫాను ఒక్కటే కాదు. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. అక్కణ్ణుంచి తమిళనాడు, ఆంధ్ర తీరాలకు అల రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలు అంటే ఊళ్ళు ఖాళీ చేయడానికి సరిపడా సమయం. కానీ హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ అన్నదే లేదు. 14 దేశాల్లో రెండు లక్షల ముప్పై వేల మంది దాకా చనిపోయారు. సుమత్రా పక్కనే ఉన్న సిములూ ద్వీపంలో మాత్రం దాదాపు 78 వేల జనంలో పోయింది ఏడుగురే. 1907లో తమ తాతలను ముంచిన అల కథను వాళ్ళు పాటల్లో, కథల్లో దాచుకున్నారు. నేల కంపించి సముద్రం వెనక్కి పోతే గుట్ట ఎక్కాలని పిల్లలకు కూడా తెలుసు.

యునెస్కో సముద్ర సంఘం ఆధ్వర్యంలో హిందూ మహాసముద్ర దేశాలు కలిశాయి. 2007 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో భారత సునామీ హెచ్చరిక కేంద్రం పని మొదలెట్టింది. సముద్రానికి 300 కిలోమీటర్ల అవతల ఉన్న ఆ నగరం నుంచి అలకు కాపలా కాస్తున్నారు. 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా మూడూ మొత్తం మహాసముద్రానికి సూచనలిచ్చే బాధ్యత పంచుకున్నాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని తీరు బట్టి పెద్ద అల రాదని హైదరాబాదు కేంద్రం తేల్చి చెప్పగలిగింది. అనవసరంగా లక్షల మందిని పరుగులు పెట్టించకపోవడం కూడా హెచ్చరిక వ్యవస్థ చేయవలసిన పనే. ఒకసారి ఉత్తుత్తి భయం పుట్టిస్తే రెండోసారి జనం కదలరు.

ఇక తుఫానుల సంగతికి వస్తే, 2004లోనే ప్యానెల్ దేశాలు వాటికి పేర్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఎనిమిది దేశాలు తలా ఎనిమిది చొప్పున ఇచ్చిన 64 పేర్లతో మొదటి జాబితా సాగింది. 2020లో 13 దేశాలు కలిసి 169 పేర్లతో కొత్త జాబితా తెచ్చాయి. 2010లో బాపట్లను తాకిన లైలా పేరు పాకిస్తాన్ ఇచ్చింది. విశాఖను విరిచిన హుద్‌హుద్ ఒమన్ పెట్టిన పేరు. 2023 డిసెంబరులో మళ్ళీ బాపట్ల దగ్గరే తీరం దాటిన మిచాంగ్ మయన్మార్‌ది. పేరుంటే కబురు తికమక లేకుండా పాకుతుంది, ఊళ్ళో జనం దాన్ని గుర్తుపెట్టుకుంటారు.

ఒకే తీవ్రత, రెండు ఫలితాలు

ఈ నేర్పు ఉన్నచోట ఏమవుతుందో, లేనిచోట ఏమవుతుందో ఆరు నెలల వ్యవధిలో తేలిపోయింది. 2007 నవంబరు 15న సిద్ర్ తుఫాను బంగ్లాదేశ్ మీద పడింది. బలంలో 1991 నాటిదానికి సాటి. సేవకులు తిరిగారు, లక్షల మంది షెల్టర్లు చేరారు, సుందరబన్ అడవి గాలినీ అలనూ కొంత కాచుకుంది. 3,400 మంది దాకా చనిపోయారు. 2008 మే 2న నర్గీస్ మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను తాకింది. ఢిల్లీ నుంచి ముందస్తు సూచనలు యాంగూనుకు వెళ్ళాయి. అక్కడి నుంచి పల్లెకు మాత్రం ఉప్పెన మాట చేరలేదు. డెల్టాలో షెల్టర్లు లేవు, మడ అడవులను వరి, రొయ్యల కోసం నరికేశారు. లక్షా 38 వేల మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. పొరుగుదేశం ఎంత మంచి సూచన ఇచ్చినా చివరి పది కిలోమీటర్లు నడవవలసింది సొంత వ్యవస్థే అని నర్గీస్ చెప్పింది.

సహాయం విషయంలోనూ అక్కడ కొత్త దారి తెరుచుకుంది. మొదటి వారాల్లో మయన్మార్ సైనిక ప్రభుత్వం విదేశీ సహాయకులను రానివ్వలేదు. అప్పుడు ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ మధ్యలో నిలిచింది. ఆసియాన్, మయన్మార్, ఐక్యరాజ్యసమితి ముగ్గురూ కలిసిన బృందం ఏర్పడి రెండేళ్ళపాటు పునరావాసం నడిపింది. దూరదేశాలను నమ్మని ప్రభుత్వం ఇరుగుపొరుగును నమ్మింది. 2011లో జకార్తాలో ఆసియాన్ విపత్తు సహాయ కేంద్రం వెలిసింది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటింది. దాదాపు పది లక్షల మందిని తరలించారు. మృతులు యాభై లోపే. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. పెద్ద ప్రాణనష్టం తప్పింది. కానీ కరెంటు స్తంభాలు, సెల్‌ టవర్లు, విమానాశ్రయం, లక్షల చెట్లు పడిపోయాయి. రోజుల తరబడి ఊరు చీకట్లో, ఫోన్లు లేకుండా గడిపింది. పల్లెకు షెల్టరు ఎంత అవసరమో నగరానికి తెగని తీగ అంత అవసరమని అప్పుడు తెలిసింది. తర్వాత విశాఖలో కరెంటు తీగలను భూమి కిందికి దించే పని చేపట్టారు. 2019లో ఫనీ వచ్చినప్పుడు ఒడిశా రెండు రోజుల్లోపే 12 లక్షల మందిని కదిలించింది.

2020 మేలో కరోనా కాలంలో వచ్చిన అంఫాన్ ఇంకో మెలిక పెట్టింది. మనుషులను గుంపుగా ఒకచోట చేర్చకూడని రోజులవి. బంగ్లాదేశ్ బడులన్నిటినీ షెల్టర్లుగా తెరిచి 24 లక్షల మందిని దూరదూరంగా ఉంచింది. రెండు దేశాల్లో కలిపి మృతులు నూట ముప్పై లోపు. నూట యాభై ఏళ్ళ ముందైతే లక్షల్లో పోయే తుఫాను అది. ఆస్తినష్టంలో మాత్రం ఈ సముద్రాల చరిత్రలో అంఫాన్‌దే మొదటి స్థానం. ప్రాణం మిగిలింది, ఇల్లూ వలా పొలమూ మిగల్లేదు. ఉప్పునీరు నిలిచిన పొలం మళ్ళీ పండడానికి ఏళ్ళు పడుతుంది.

మిగిలిన బాకీ

చేయవలసింది చాలా ఉంది. నేల మీదివాళ్ళను కాపాడటం నేర్చుకున్నాం గానీ సముద్రం మీదివాళ్ళ విషయంలో వెనకబడ్డాం. 1996 నవంబరు 6న కోనసీమ దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు పోయిన వెయ్యికి పైగా ప్రాణాల్లో వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులవి ఎన్నో. 2017లో ఓఖీ వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులకు మళ్ళీ అదే గతి పట్టింది. వారాల తరబడి లోతు సముద్రంలో ఉండే బోటుకు సెల్‌ఫోను సిగ్నల్ అందదు. ఉపగ్రహం ద్వారా సందేశాలందుకునే పరికరాలు వచ్చాయి. అవి చిన్న పడవ దాకా చేరాలి.

నేల కూడా బలహీనపడుతోంది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కృష్ణా గోదావరి డెల్టాలకు కొత్త మట్టి రావడం తగ్గింది. ఉప్పాడ లాంటి ఊళ్ళు ఏటేటా సముద్రంలో కలిసిపోతున్నాయి. తొంభైల్లో రొయ్యల చెరువుల కోసం కొట్టేసిన మడ అడవులు పూర్తిగా తిరిగి రాలేదు. రాజకీయంగా చూస్తే దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 తర్వాత ఒక్కసారి కూడా జరగలేదు. తుఫానుల ప్యానెల్ మాత్రం తన పని చేసుకుపోతూనే ఉంది. వాతావరణ అధికారులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఈ ఒక్క బంధాన్నైనా ఏ కలహం కోసమూ తెగనివ్వకూడదు. అటువంటి బంధం లేని రోజులు ఎలా ఉండేవో చూశాం.

బంగాళాఖాతంలో తుఫాను కాలాలు రెండు. ఒకటి ఏప్రిల్, మే నెలలు. ఇంకొకటి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలలు రాకముందే తీరంలోని ప్రతి పంచాయతీ కొన్ని సంగతులు చూసుకోవాలి. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుంది, మెట్లూ మరుగుదొడ్లూ బాగున్నాయా, లోపల నీళ్ళున్నాయా, ముసలివాళ్ళనూ గర్భిణులనూ ఎవరు తీసుకొస్తారు, పశువులను ఏ మిట్టకు తోలాలి, వేటకు వెళ్ళిన పడవలకు కబురెలా పంపాలి. షెల్టర్లో సామాన్లు నింపుకున్న ఊరు, మడచెట్లను కట్టెలకు కొట్టేసిన ఊరు ఢిల్లీ నుంచి ఎంత కచ్చితమైన సూచన వచ్చినా గట్టెక్కదు. తీరంలో ఉన్న పాఠకులు ఈ ప్రశ్నలను వచ్చే గ్రామసభలో అడగాలి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.